వరుసకు రాసిన పిల్లలు

మా చర్చి సంఘం సమాధుల తోట ఎల్బీ నగర్ చౌరస్తాకు ఇవతల, పెద్ద రోడ్డు నుంచి రెండు సందులు లోపలికి ఉంటుంది. పేరుకు తోట, చెట్లు నాలుగైదే. మూడు వైపులా నాలుగంతస్తుల ఇళ్లు లేచాయి. వాటి వెనక బాల్కనీలు తోటలోకి చూస్తుంటాయి. అక్కడ నిలబడి ప్రార్థన చేసుకుంటుంటే పైన ఎవరింట్లోనో కుక్కర్ విజిల్ వేస్తుంది. ఎవరో దుప్పటి దులుపుతారు. కిందవాళ్లు పైకి చూడరు, పైవాళ్లు కిందికి చూడరు. ఏళ్ల మీద అలా అలవాటైపోయింది.

అక్కడ చోటు ఎప్పుడో అయిపోయింది. అందుకని మా వాళ్లలో ఒక పద్ధతి నడుస్తోంది. సమాధి లోతుగా తవ్వుతారు. మొదట పోయినవాళ్లను అడుగున పెడతారు. ఆ తరవాత భార్యో భర్తో పోతే అదే సమాధిని తెరిచి పైన పెడతారు. ఒక సమాధికి ఇద్దరు. అంతకు మించి ఒప్పుకోరు.

ఈ ఏడాది కమిటీ బడంగ్‌పేట్ దాటాక కొత్త స్థలం తీసుకుంది. పాత తోటలో ఎవరెవరికి పైస్థానం మిగిలి ఉందో జాబితా తీస్తామని, దాన్ని ఒక ఆదివారం ఆరాధన తరవాత చదువుతామని, అందులో పేరు లేనివాళ్లందరికీ ఇక కొత్త స్థలమేనని చెప్పారు. జాబితా తీయాలంటే నాలుగు పాత రిజిస్టర్లు కంప్యూటర్‌లోకి ఎక్కాలి. నేను ముప్పై ఏళ్లకు పైగా పత్రిక డెస్కులో పనిచేసి రిటైరైనవాణ్ని. కాగితాల మనిషి కదా అని ఆ పని నా నెత్తిన పెట్టారు.

ఈ సంగతి తెలిసిన మర్నాడే ఒకామె మా గేటు దగ్గరకు వచ్చింది. ఆరాధనలో చాలా ఏళ్లుగా చూస్తున్న మనిషే. డెబ్బై దాటింది. నల్గొండ దిక్కు పల్లె నుంచి వచ్చి, సర్కారు దవాఖానలో ఆయాగా చేసి రిటైరైంది. పిల్లలు లేరు. భర్త లారీ డ్రైవరు. ఆయన పోయి ఇరవై ఏళ్లు దాటింది. ఏడో వరుసలో మొదటి సమాధి ఆయనది, గోడ పక్కన.

"తమ్మీ, నా జాగ ఎక్కిందా కంపూటర్ల?" అన్నది.

"ఇంకా మొదలే పెట్టలేదక్కా."

"జర జల్ది చెయ్యి. డాక్టరు నా గుండె సగమే పనిచేస్తుందన్నడు. సగం గుండెతోని ఎన్ని దినాలు ఎదురుచూడాలె?" అని నవ్వింది. తరవాత నవ్వు ఆపి, "నాకు వేరే ఆశ ఏం లేదు. ఆయన మీద ఆ జాగ నాదేనని రాసిచ్చిండ్లనుకో, ఇగ పరేషాన్ లేదు," అన్నది.

రాసిస్తారని నేను మాట ఇచ్చాను. ఇవ్వకపోవడానికి కారణమేమీ కనిపించలేదు.

కంప్యూటర్ పనికి దిల్‌సుఖ్‌నగర్‌లో ఒకామెను మాట్లాడుకున్నాను. గుంటూరు వైపు మనిషి, నలభై ఏళ్లుంటాయి. పొద్దున పూట కోచింగ్ సెంటర్లో డేటాబేస్ పాఠాలు చెప్పేది, మధ్యాహ్నాలు ఇలాంటి చిన్న పనులు చేసేది. ఆమె కూర్చునేది జిరాక్స్ షాపు పైన మూడో అంతస్తులో. అది ఒకప్పుడు సెంటర్ వాళ్ల ల్యాబు. ఇప్పుడు అక్కడ క్లాసులు లేవు. పాత మానిటర్లు ఇరవై దాకా బల్లల మీద అలాగే ఉన్నాయి, ఒక్కో దాని మీదా తెల్ల గుడ్డ కప్పి. కింద రోడ్డు మీద మైకులు, హారన్లు హోరెత్తుతున్నా ఆ గదిలోకి వస్తే చెవులు మూసుకున్నట్టుండేది. నేను ఎప్పుడూ తలుపు వైపు కుర్చీ వేసుకునేవాణ్ని.

ఆమె మొదటి రోజు ఒక ప్రశ్న అడిగింది.

"సార్, మీ తోటలో ఒక మనిషిని వెతుక్కుంటూ వెళ్తే మొదట ఏది చూస్తారు, తరవాత ఏది?"

"భాగం. ఆ భాగంలో వరుస. వరుసలో సమాధి. సమాధిలో పైనా, అడుగునా అని," అన్నాను.

ఆమె వాటిని తెర మీద ఒకదాని కింద ఒకటి పేర్చి, పక్కన ఒకటి, రెండు, మూడు, నాలుగు అని అంకెలు వేసింది.

"ఇవి లెవెల్స్ అండీ. ఏది దేని కింద ఉందో ఈ అంకెలే చెబుతాయి. రేపు మీవాళ్లు ఇంకోటి కలపమంటారు, లేదా ఉన్నది తీసేయమంటారు. అందుకని కలపడానికీ, తీసేయడానికీ, పైకీ కిందకీ జరపడానికీ బటన్లు పెడుతున్నా. ఒకటి తీసేస్తే దాని కిందవన్నీ ఒక్కో మెట్టు పైకి జరుగుతాయి. మధ్యలో ఖాళీ అంకె ఉండకూడదు. ఉంటే ప్రోగ్రాం అక్కడే ఆగిపోయి, ఇంక కింద ఏమీ లేదనుకుంటుంది."

పేజీలో ఒక వార్త తీసేస్తే కింది వార్తలు పైకి జరిపే పని ఏళ్ల తరబడి చేసినవాణ్ని. ఆ మాట నాకు వెంటనే బోధపడింది.

నేను రిజిస్టర్ చదివేవాణ్ని, ఆమె ఎక్కించేది. పేరు, తేదీ, వరుస, సమాధి, స్థానం. మొదటి రిజిస్టర్ సాఫీగానే సాగింది. రెండోదానికి వచ్చేసరికి రాత మారింది. ఆ కాలంలో రాసింది గుంతలు తవ్వే ఆయనే అని కమిటీ వాళ్లు చెప్పారు. ఒక్కో వరుస మొదలయ్యే చోట అడ్డగీత గీశాడు. కొన్ని గీతల పక్కన, మార్జిన్‌లో, చిన్న అక్షరాలతో "బిడ్డ" అని ఉంది. కొన్ని చోట్ల "బిడ్డ, ఒక దినము". కొన్ని చోట్ల "బిడ్డ, ఆడ". తేదీ ఉంది. పేరు లేదు, తల్లిదండ్రుల పేరు లేదు, సమాధి నంబరు లేదు.

"వీళ్లని ఎక్కడ వెయ్యను సార్? నంబరే లేదుగా. వదిలేద్దామా?"

డెస్కులో నాకు మొదట నేర్పింది ఒకటే. వచ్చిన వార్త కాపీలో ఒక్క లైను కూడా జారిపోకూడదు. "వదలొద్దమ్మా. వరుస దగ్గర రాశాడు కాబట్టి వరుసకే వెయ్యి," అన్నాను.

"మనుషులంటే సమాధి కిందే వస్తారనుకున్నానండీ. వరుస మీద కూడా మనుషులుంటారని నేననుకోలేదు," అంటూనే వేసింది. అలాంటివాళ్లు రిజిస్టర్ పొడవునా తేలుతూనే ఉన్నారు. సాయంత్రానికి "బిడ్డ" అని చదవడం నాకే ఎబ్బెట్టుగా అనిపించింది. గొంతు తగ్గించాను. ఆమె కూడా కీబోర్డు మీద మెల్లగా కొట్టడం మొదలుపెట్టింది. ఎందుకని మేం ఒకరినొకరం అడగలేదు.

నాలుగు రిజిస్టర్లూ పూర్తయ్యాక కమిటీ కార్యదర్శి ఫోన్ చేశాడు. రియల్ ఎస్టేట్ చేసుకునే మనిషి, మాట చురుగ్గా ఉంటుంది.

"అన్నా, కొత్త తాన వరుసలు పెడ్తలేం. నంబర్లే. పాత తోటల గూడ నంబర్లు మొదటికెల్లి చివరిదాంక సాగినయి గదా, మధ్యల ఆ వరుస ఎందుకు? తీసేయిమను. రెండు తోటలు ఒక్క తీరుగుండాలె."

ఆమె ముందర కూర్చుని నేను చెప్పాను. వరుస పక్కన ఉన్న బటన్ నొక్కింది. నిజంగా తీసేయమంటారా అని ప్రోగ్రాం అడిగింది. అవునని నొక్కింది. తెర ఒక్క క్షణం తెల్లబడి మళ్లీ వచ్చింది. వరుస లేదు. సమాధి రెండో అంకెకు, స్థానం మూడో అంకెకు జరిగాయి. మొత్తం పేర్ల లెక్క చూసింది. ముందు ఎంతమందో ఇప్పుడూ అంతమందే.

"ఒక్కరు కూడా పోలేదండీ," అంది తృప్తిగా.

జాబితా ప్రింటు తీసి కార్యదర్శికి పంపాం. మూడు రోజుల తరవాత, మిట్టమధ్యాహ్నం, దవాఖాన ఆయమ్మ మళ్లీ మా గేటు దగ్గర నిలబడింది. ఎండలో నడిచి వచ్చినట్టుంది, పెదాలు నీలంగా ఉన్నాయి. లోపలికి రమ్మన్నా రాలేదు. గేటు ఊచలు పట్టుకుని అన్నది:

"నా జాగల ఎవలో పండుకున్నరట తమ్మీ."

నాకు అర్థం కాలేదు.

"కార్యదర్శి సారు చెప్పిండు. కంపూటర్ల సూశిండట. నా మొగని మీద ఇంక ముగ్గురున్నరట. నిండిపోయిందమ్మా, నువ్వు కొత్త తానకే పోవాలె అన్నడు. ఎవలు వాళ్లు? ఎప్పుడొచ్చిండ్లు? ఏటా సమాధుల పండుగకు సున్నం ఏసేది నేను, దీపం పెట్టేది నేను. నాకు దెల్వకుండ ముగ్గురు ఎట్లొస్తరు?"

ఆ సాయంత్రమే దిల్‌సుఖ్‌నగర్ వెళ్లాను. వాన మొదలై కరెంటు పోయింది. గదిలో ఇన్వర్టర్ మీద ఆమె మానిటర్ ఒక్కటే వెలుగుతోంది. ఆ వెలుగు మిగతా తెల్ల గుడ్డల మీద పడి, ఇరవై మంది తల వంచుకుని కూర్చున్నట్టుంది. సంగతి చెప్పాను. ఆమె ఆ సమాధి తెరిచింది.

మొదట ఆయమ్మ భర్త పేరు. దాని కింద "బిడ్డ". దాని కింద "బిడ్డ, ఒక దినము". దాని కింద "బిడ్డ, ఆడ".

"వీళ్లు వరుస మీద కదా ఉండాలి," అన్నాను.

ఆమె జాబితా కిందికి జరుపుతూ పోయింది. మామూలు సమాధులు, ఒకరు, ఇద్దరు, ఒకరు. ఆపై ఒక సమాధిలో భర్త, భార్య, వాళ్ల కింద ఇద్దరు బిడ్డలు. మళ్లీ మామూలువి. మళ్లీ ఒకదాంట్లో ఒక బిడ్డ. నేను రిజిస్టర్ తెరిచి వేలు పెట్టి పోల్చాను. అడ్డగీత దాటగానే వచ్చే మొదటి సమాధి ఏదో, అక్కడికల్లా వాళ్లు చేరారు. బడి వదిలాక తీసుకుపోయేవాళ్ల కోసం గుమ్మం దగ్గర గుమిగూడిన పిల్లల్లా.

"మనం ఎవరమూ వీళ్లని ఇక్కడ పెట్టలేదు సార్," అంది ఆమె.

"వెతుకమ్మా. దానంతటది జరగదు కదా."

అరగంట పట్టింది. చివరికి తను రాసిన రెండు లైన్లు చూపించి నుదురు పట్టుకుంది. లెవెల్ తీసేసే చోట రాసుకున్నవే. తీసేస్తున్న లెవెల్ మీద ఎవరైనా మిగిలి ఉంటే వాళ్లు గల్లంతు కాకుండా, దాని కింది లెవెల్‌లో మొదటిదానికి తగిలించు అని. మొదటి రోజే రాసి మరిచిపోయింది. వరుస మీద ఎవరూ ఉండరని అనుకున్నది కాబట్టి దాన్ని మళ్లీ చూసుకోలేదు. నేను చెప్పి ఎక్కించాను కాబట్టి ఉన్నారు. ఆమె జాగ్రత్తా, నా జాగ్రత్తా కలిసి ఆయమ్మ చోటు తీసేశాయి.

ఆమె వరుసను మళ్లీ రెండో అంకెలో పెట్టింది. సమాధి మూడుకు, స్థానం నాలుగుకు దిగాయి. మనుషులు ఉన్న లెవెల్‌ను తీసేయబోతే ప్రోగ్రాం ఒప్పుకోకుండా ఆగేటట్టు మార్చింది. పిల్లలు వరుసకు తిరిగి వెళ్లారు. ఆయమ్మ భర్త సమాధిలో ఆయన ఒక్కడే మిగిలాడు. పైస్థానం ఖాళీ. సరిచేసిన జాబితా ప్రింటు నా సంచీలో పెట్టింది.

అంతటితో పని అయిపోయింది. కానీ మెట్లు దిగుతుంటే ఒక ప్రశ్న పట్టుకుంది. వరుస అంటే గీత. గీత మీద ఎవరినీ పెట్టరు. తేదీ వేసి మరీ రాశాడంటే ఆ రోజు ఎక్కడో ఒకచోట మట్టి తవ్వే ఉంటాడు. తోటంతా నంబర్లతో నిండి ఉంది కదా, ఎక్కడ తవ్వాడు?

రాసినాయన ఇంకా ఉన్నాడు. తోట గేటు పక్కన రేకుల గదిలో ఉంటాడు. చెవులు బాగానే పనిచేస్తాయి, కళ్లు మసక. మర్నాడు వెళ్లి రిజిస్టర్ సంగతి అడిగాను.

"గవా? దవాఖానల పుట్టి పొయ్యేటోళ్లు. తండ్రులు తువ్వాల్ల చుట్టుకొని పగటీలి తెస్తుండిరి. పాస్టరు ఉండడు, గంట ఉండది. నంబర్ ఏయొద్దని కమిటోళ్లు అన్నరు. అందుకని వరుసకే రాస్తుంటి."

"మరి పెట్టింది ఎక్కడ తాతా?"

"ఇంకేడ? మొదటి దాని కాళ్లకాడ. ఏ వరుసదన్న మొదటిది గోడ పక్కపొంటి ఉంటది. నల్గురి కండ్ల పడది. ఒకపారి తవ్వినది గదా, మన్ను మెత్తగుంటది. రెండు మూరల లోతు తీసి పెట్టి, కుక్కలు తీయకుండ మీదికెల్లి షాబాద్ బండ ముక్క ఏసి మన్ను కప్పుతుంటి."

ఆయన ఇంకా ఏదో చెబుతున్నాడు. నాకు వినబడలేదు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఆ రెండు లైన్లు రాసినామె ఈ తోట ఎప్పుడూ చూడలేదు. తప్పు చేసి తను పంపిన చోటికి, ఈయన తవ్విన చోటికి మధ్య ఒక్క సమాధి తేడా లేదు. తప్పు దిద్దుకున్నాకే జాబితా అబద్ధం చెబుతోంది.

కార్యదర్శిని మెట్రో స్టేషన్ కింద చాయ్ హోటల్ దగ్గర పట్టుకున్నాను. విని, గ్లాసు కింద పెట్టాడు.

"అన్నా, నువ్వు రిటైరైనా పేపరోని బుద్ధి పోలే. కరెక్ట్ చేసినంక కంప్యూటర్ ఏమంటుంది? ఖాళీ అంటుంది. రిజిస్టర్ల ఏముంది? వరుస అనుంది. రెండు సరిపోయినయి. ఇగ ఆ ముసలామెకు జాగ ఇస్తం, ఖుష్ అయితది."

"తవ్వితే ఆ బండలు తగుల్తయి కదా?"

"పక్కకు జరుపుతరు. గంతే. అన్నేండ్లయింది, అండ్ల ఏముంటది?" మళ్లీ గ్లాసు అందుకుని, "ఆమెకు చెప్పకు," అన్నాడు.

రెండు రోజులు చెప్పలేదు. చెప్పకపోతే ఆమె కోరుకున్నది ఆమెకు దొరుకుతుంది. కాగితం మీద ఎవరూ తప్పు పట్టలేరు. మూడో రోజు ఆమే వచ్చింది, చేతిలో బత్తాయిల సంచీతో. జాబితాలో పేరు తిరిగొచ్చిందని కార్యదర్శి చెప్పాడట. బత్తాయిలు నాకు, ప్రోగ్రాం రాసినామెకు. ఆ సంచీ అందుకోలేక మొత్తం చెప్పేశాను.

ఆమె మా అరుగు మీద కూర్చుంది. కోపం రాలేదు. "ఎన్నడు పెట్టిండ్లు వాళ్లను?" అని అడిగింది. తేదీలు చదివాను. తల ఊపుతూ విన్నది.

"సూపియ్యుమను," అన్నది.

ఆటోలో తోటకు వెళ్లాం. పన్నెండు గంటలు దాటింది, నీడ ఎక్కడా లేదు. గుంతలు తవ్వే ఆయన ఒక సన్నటి ఇనుప చువ్వ తెచ్చాడు, కొత్త గుంతకు ముందు నేలను చూసుకునేది. ఆమె భర్త సమాధి చుట్టూ ఇటుక అంచు, లోపల మట్టే. ఆమె అలవాటుగా కాళ్ల వైపు అంచున కూర్చోబోయి, ఆగి, పక్కకు జరిగింది.

ఆయన చువ్వ మట్టిలోకి దింపాడు. మెత్తగా దిగింది, ఎవరో కింద నుంచి లాగుతున్నట్టు. మూరెడు లోపలికి పోయాక టక్ అని ఆగింది. పైకి తీసి జానెడు పక్కన దింపాడు. టక్. మళ్లీ జానెడు. టక్. ఆ తరవాత తల వైపు వచ్చి దింపాడు. చువ్వ పిడి దాకా దిగింది, ఏ చప్పుడూ లేదు.

"సూశినవా అక్కా? మూడే," అన్నాడు ఆయన, తన రాతలో తప్పు లేదన్నట్టు. "నీ పెట్టె సాఫ్‌గ పడాలంటే ఇవి తీయాలె. తీస్త. పెద్ద పనేం గాదు."

పైన బాల్కనీలో ఎవరో బకెట్ ఈడ్చారు. ఆమె ఆ మట్టి వైపే చూస్తోంది.

"గప్పుడు నేను కాన్పుల వార్డుల ఉంటి," అన్నది నాతో. "గా మూడు తేదీలల్ల గూడ ఆడనే ఉంటి. పుట్టి పోతె కడిగి, గుడ్డల చుట్టి, తండ్రి చేతికిచ్చేది నేనే. ఎటు దీస్కపోతరో ఎన్నడు అడగలే. అడగొద్దనేటోళ్లు. మా సంఘపోళ్లవి ఎన్నో, ఏరేటోళ్లవి ఎన్నో, నాకేమెరుక." చెయ్యి చాచి మట్టిని ముట్టబోయి వెనక్కి తీసుకుంది. "ఏటా ఈడ కూసునే ఆయనతోని మాట్లాడుతుంటి. కరెంటు బిల్లు, కిరాయి, మోకాళ్ల నొప్పి. గీళ్లు గూడ వింటనే ఉన్నరు."

గుంతలు తవ్వే ఆయన చువ్వను గోనెపట్టాతో తుడుస్తూ, "తీయమంటవా?" అన్నాడు.

ఆమె గేటు వైపు నడిచింది. ఆటో దిగేటప్పుడు, ఆ కంప్యూటర్ గది ఎక్కడో చూపించమని అడిగింది.

జాబితా చదవడానికి ముందు రోజు, శనివారం మధ్యాహ్నం, ఆ మూడు అంతస్తులూ ఎక్కింది. ఒక్కో మలుపులో ఐదేసి నిమిషాలు ఆగింది. గదిలోకి రాగానే గుడ్డలు కప్పిన మానిటర్లను చూసి గుమ్మంలోనే నిలబడిపోయింది.

"అవి పాడైపోయినవి అమ్మమ్మా, ఏం కాదు, రండి," అని ప్రోగ్రాం రాసినామె చెయ్యి పట్టి కూర్చోబెట్టింది. నీళ్లిచ్చింది. ముందే నేను అంతా చెప్పి ఉంచాను. విన్నరోజు ఆమె ఆ రెండు లైన్లు మళ్లీ తెరిచి చూసుకుని, "నేను రాసింది గల్లంతు కాకూడదనేనండీ," అని ఒక్క మాటే అన్నది.

"బిడ్డా, ఆయన పేరు తియ్యి," అన్నది ఆయమ్మ. తెరిచింది. "ఆ ముగ్గుర్ని వరుసకెల్లి తీసి ఈడ రాయి."

ప్రోగ్రాం రాసినామె నా వైపు చూసింది. నేను ఆయమ్మ వైపు చూశాను.

"అక్కా, రాస్తే నిండిపోతుంది. రేపు నీ పేరు చదవరు."

"నాకు ఎరుకనే తమ్మీ. రాయకున్నా ఉన్నరు గదా." చీర కొంగుతో మొహం తుడుచుకుంది. "నా చేతులతోని ఒకపారి సాగదోలిన. ఇంకోపారి నా పెట్టెకు అడ్డమని తీయిస్తనా?"

ప్రోగ్రాం రాసినామె కీబోర్డు దగ్గరికి లాక్కుంది. ఒకటి, ఆమె భర్త. రెండు, బిడ్డ. మూడు, బిడ్డ, ఒక దినము. నాలుగు, బిడ్డ, ఆడ. ఎవరు ముందు, ఎవరు తరవాత అన్నది తేదీలు చెప్పాయి.

ఆయమ్మ తెరకు బాగా దగ్గరగా వంగింది. "అయిదు ఉత్తదే ఉంచుతవా? ఏం రాయకు. ఊకె అట్ల ఉండనియ్యి."

"ఉండదు అమ్మమ్మా. ఖాళీ అంకె ఉంటే ఇది దానంతటదే మూసేస్తుంది. అట్లాగే రాశాను నేను." ఆయమ్మ మొహం చూసి, "మీరు కావాలంటే మారుస్తాను," అంది. ఆ ఒక్క అంకె కోసం ప్రోగ్రాం అంతా తిరగరాయాల్సి వస్తుందని నాకు తెలుసు. ఆమెకూ తెలుసు.

"వద్దు. మూసుకోనియ్యి."

కొంచెం తేరుకున్నాక అడిగింది: "కొత్త తాన ఇంకెవరన్న వొయిండ్లా?"

"లేదక్కా, ఇంకా ఎవరూ లేరు," అన్నాను.

"అయితే మొదటి నంబర్ నాకు ఏయుమను. కార్యదర్శి సారుకు నేను చెప్పిన అని చెప్పు."

"మొదటిదే ఎందుకు? గేటుకు దూరం, గోడ పక్కన వస్తుంది," అన్నాను.

నాకు ఇంత కూడా తెలియదా అన్నట్టు చూసింది. "పోరగాండ్లను మొదటి దాని కాళ్లకాడనే పెడ్తరు గదా," అన్నది.

ప్రోగ్రాం రాసినామె వేళ్లు కీబోర్డు మీద ఆగిపోయాయి. అవి మళ్లీ కదిలేదాకా నేను కిటికీ బయట కోచింగ్ బ్యానర్లు చదువుతూ కూర్చున్నాను.

ఆదివారం ఆరాధన అయ్యాక కార్యదర్శి ముందుకొచ్చి మైకు సర్దుకున్నాడు. పాత తోట జాబితా మొదట చదివాడు. ఎవరి పేరు వస్తే వాళ్లు భుజాలు వదులు చేసుకుని కూర్చున్నారు. ఏడో వరుస దగ్గరకు వచ్చి మొదటి సమాధి దాటేశాడు, ఒకసారి నా వైపు చూసి. తరవాత కాగితం తిప్పాడు.

"కొత్త స్థలం. ఒకటో భాగం. నంబర్ ఒకటి," అని ఆయమ్మ పేరు చదివాడు.

ఆడవాళ్ల వైపు, వెనక బెంచీ నుంచి, హాజరు పిలిచినప్పుడు చెప్పినట్టు "ఉన్న" అని వినిపించింది.

ఎవరూ నవ్వలేదు. ఎవరూ వెనక్కి తిరిగి చూడలేదు కూడా. కార్యదర్శి కాగితం మీద తన చోటు పోగొట్టుకుని, వేలితో పై నుంచి కిందికి వెతుక్కుని, కాసేపటికి రెండో నంబర్ చదివాడు.